గర్భనిరోధక మాత్రలు, బీపీ: ల్యాబ్ ఎలుకలు చెప్పిందెంత? చెప్పనిదెంత?

‘గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే బీపీ వస్తుంది, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో రుజువైంది’ అనే తరహా మెసేజులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటాయి. చదివినవాళ్లలో కొందరు భయపడి, ఇంట్లో కూడా చెప్పకుండా, మర్నాటి నుంచే మాత్ర మానేస్తారు. ఇంకొందరు ‘ఎలుకకు వస్తే మనకేంటి’ అని నవ్వేసి ఊరుకుంటారు. రెండింటిలోనూ నష్టం ఉంది. చెప్పకుండా మానేస్తే అనుకోని గర్భం రావచ్చు. నవ్వేసి ఊరుకుంటే, నిజంగా బీపీ పెరిగే ఆ కొద్దిమందిలో తానూ ఉన్నానేమో తెలుసుకునే అవకాశం పోతుంది.

ఇంతకీ ఆ ఎలుకల పరీక్షలు ఏం చెప్పాయి? ఎంతవరకు నమ్మాలి? కాస్త వివరంగా చూద్దాం.

ముందు ఆడవాళ్లలో, తర్వాత ఎలుకల్లో

మందు ఏదైనా ముందు జంతువుల మీద చూసి, తర్వాత మనుషులకు ఇస్తారని మనం అనుకుంటాం. గర్భనిరోధక మాత్ర కూడా అలాగే మొదలైంది. 1950ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో గ్రెగరీ పింకస్, ఎం.సి. చాంగ్ కుందేళ్ల మీద, ఎలుకల మీద హార్మోన్లు ప్రయోగించారు. అయితే వాళ్లు వెతికింది ఒక్కటే: అండం విడుదల ఆగుతుందా, లేదా? ఆగింది. 1956లో ప్యూర్టోరికోలో ఆడవాళ్ల మీద పెద్ద ఎత్తున పరీక్షలు మొదలయ్యాయి. 1960లో ‘ఎనోవిడ్’ అనే మాత్రను గర్భనిరోధకంగా అమ్ముకోవడానికి అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

బీపీ సంగతి అప్పటికి పైకి రాలేదు. మాత్ర వచ్చి ఏడేళ్లయ్యాక, 1967లో, న్యూయార్క్ డాక్టర్ జాన్ లారా, ఆయన తోటివారు ఒక వైద్య పత్రికలో కొందరు మహిళల కేసులు ప్రచురించారు. మాత్రలు వాడుతుండగా వాళ్లకు బీపీ పెరిగింది. కిడ్నీకి, ఉప్పుకి, రక్తనాళాలకి సంబంధించిన హార్మోన్ల వరుస కూడా వాళ్లలో మారిపోయి ఉంది. అదే ఏడాది వేరే డాక్టర్లు కూడా ఇలాంటి కేసులే రాశారు.

అంటే ఇక్కడ వరుస తలకిందులైంది. సమస్య ముందు ఆడవాళ్లలో బయటపడింది, తర్వాతే ఎలుకను పిలిచారు. ఎందుకంటే ‘బీపీ పెరిగింది’ అని చెప్పడానికి మనిషి చాలు గానీ, ‘ఎందుకు పెరిగింది’ అని తేల్చడానికి మనిషి మీద చేయకూడని పనులు చాలా ఉంటాయి. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే తిండి ఉన్న ఇద్దరు ఆడవాళ్లు దొరకరు. ఎలుకలు దొరుకుతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఇలాంటి పరిశోధనల కోసమే ఎలుకలను పెంచి, వేరే ల్యాబులకు కూడా ఇచ్చే కేంద్రం ఉంది. ఏ ఎలుక ఏ వంశానిదో, ఎప్పుడు పుట్టిందో, ఏం తిన్నదో అన్నీ రాసి ఉంటాయి.

ఎలుకకు బీపీ ఎలా చూస్తారు?

ఇది చాలామందికి వచ్చే డౌటే. ఎలుకకు చేతికి పట్టీ కట్టలేం కదా, అందుకని తోకకు కడతారు. ఎలుకను సన్నటి గొట్టంలాంటి దాంట్లో ఉంచి, తోకలో రక్తం బాగా ఆడేలా కొంచెం వేడి తగలనిస్తారు. తోక మొదట్లో చిన్న పట్టీ పెట్టి గాలి నింపుతారు. తర్వాత గాలి వదులుతూ, నాడి మళ్లీ ఎక్కడ మొదలైందో యంత్రం చూసి చెబుతుంది. మన చేతికి చూసే పద్ధతే, సైజు తక్కువ.

ఇబ్బంది ఏంటంటే, కదలనివ్వకుండా పట్టుకుంటే ఎలుకకు భయం వేస్తుంది, భయం వేస్తే బీపీ పెరుగుతుంది. దవాఖానాలో తెల్ల కోటు కనబడగానే మన అమ్మీలకు, ఖాలాలకు బీపీ ఎక్కువ చూపించడం లాంటిదే. అందుకే పరీక్షకు ముందు కొన్ని రోజులు ఎలుకకు ఆ గొట్టం అలవాటు చేస్తారు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే రక్తనాళంలో సన్నని గొట్టం అమర్చి, ఒంట్లోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెడతారు. ఎలుక తన బోనులో తిరుగుతూ, తింటూ, పడుకుంటూ ఉంటే 24 గంటల బీపీ కంప్యూటర్‌కు అందుతుంది. ఎలుకల వార్త ఏది చదివినా ‘తోకకు చూశారా, ట్రాన్స్‌మిటర్ పెట్టారా’ అనేది అడగదగ్గ మొదటి ప్రశ్న. రెండు పద్ధతుల్లో అంకెలు ఒకేలా రావు.

లివర్‌లో స్టాక్ పెరిగితే

ఇక అసలు విషయం. మామూలు గర్భనిరోధక మాత్రలో రెండు హార్మోన్లు ఉంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్, రెండోది ప్రొజెస్టిన్. ఎక్కువ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ పేరు ఇథినైల్ ఈస్ట్రడయోల్. 1938లో జర్మనీలో తయారు చేశారు. ఆడవాళ్ల ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్‌కే చిన్న మార్పు చేసి, లివర్ దాన్ని తొందరగా విరగ్గొట్టకుండా చేశారు. నోటితో వేసుకున్నా పనిచేయడానికి కారణం ఆ మార్పే, బీపీ కథ మొదలయ్యేదీ అక్కడే.

లివర్ ఎప్పుడూ ఒక ప్రోటీన్ తయారు చేస్తూ ఉంటుంది. దాని పేరు యాంజియోటెన్సినోజెన్. పేరు పెద్దదే, ముడిసరుకు అనుకోండి చాలు. కిడ్నీ నుంచి వచ్చే రెనిన్ అనే ఎంజైమ్ ఈ ముడిసరుకును కోస్తుంది. ఆ ముక్కను ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండే మరో ఎంజైమ్ ఇంకోసారి కోస్తుంది. చివరికి యాంజియోటెన్సిన్-2 అనేది తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీల పైనున్న గ్రంథి నుంచి అల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను కూడా విడుదల చేయిస్తుంది. దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి. ఒకవైపు గొట్టం సన్నబడింది, ఇంకోవైపు లోపల నీరు ఎక్కువైంది. ప్రెషర్ పెరగక ఏమవుతుంది?

బీకాం చదివిన నాకు ఇది గోడౌన్ లెక్కలాగే అర్థమైంది. ఇథినైల్ ఈస్ట్రడయోల్ లివర్‌కు వెళ్లి ముడిసరుకు స్టాక్ పెంచేస్తుంది. స్టాక్ పెరిగిందని తెలియగానే కిడ్నీ తన వైపు నుంచి రెనిన్‌ను తగ్గిస్తుంది. చాలామందిలో లెక్క అలా సర్దుబాటు అయిపోతుంది, బీపీ కొంచెమే కదులుతుంది లేదా అసలు కదలదు. కొందరిలో ఆ సర్దుబాటు సరిపోదు. బీపీ పెరిగేది వాళ్లకే అని పరిశోధకులు వివరిస్తారు.

మరి ఇది నిజమని ఎలా తెలుస్తుంది? ఇక్కడే ఎలుకలు పనికొచ్చాయి. నైజీరియాలోని ఇలోరిన్ యూనివర్సిటీలో ఓలతుంజి, సొలాదోయె అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఇదే పని చేశారు. ఆడ ఎలుకలకు ఇథినైల్ ఈస్ట్రడయోల్, నార్‌జెస్ట్రెల్ కలిపి ఇచ్చారు. వారాలు గడిచేకొద్దీ బీపీ పెరిగింది. కొన్ని ఎలుకలకు అదే హార్మోన్లతో పాటు రెనిన్-యాంజియోటెన్సిన్ దారిని అణిచే మందు ఇచ్చారు. వాటికి బీపీ పెరగలేదు. నరాల ద్వారా బీపీ పెరుగుతుందేమోనని ఇంకొన్నింటిలో ఆ నరాల వ్యవస్థను అడ్డుకున్నారు. అక్కడ మాత్రం బీపీ పెరగడం ఆగలేదు. 2008లో మన దేశపు పత్రిక ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలోనే ఈ ఫలితం వచ్చింది. దారి ఏదో తేలింది: నరాలు కాదు, లివర్ నుంచి కిడ్నీ మీదుగా నడిచే ఈ వరుస.

అదే బృందం కాల్షియం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన ఎలుకల్లో ఈ బీపీ తగ్గినట్టు కూడా రాసింది. ఇది చదివి కాల్షియం మాత్రలు కొనుక్కోవద్దు. ఎలుక తిండిలో కలిపిన కాల్షియానికి, మన ఇంట్లో వేసుకునే కాల్షియం గోలీకి మధ్య చాలా దూరం ఉంది.

అదే హార్మోన్, వేరే ఫలితం

కొన్ని ఎలుకల పరీక్షల్లో ఈస్ట్రోజెన్ బీపీని తగ్గించింది! ఉప్పు పడని ఒక ఎలుకల వంశం ఉంది, దాల్ ఎలుకలు అంటారు. వాటిలో ఆడ ఎలుకల అండాశయాలు తీసేస్తే బీపీ తొందరగా పెరుగుతుంది, సహజ ఈస్ట్రోజెన్ తిరిగి ఇస్తే ఆ పెరుగుదల తగ్గుతుంది. జపాన్‌లోని క్యోటోలో 1960ల్లో తయారైన, పుట్టుకతోనే బీపీ ఉండే ఎలుకల వంశంలో కూడా మగవాటికి ఉన్నంత బీపీ ఆడవాటికి ఉండదు.

అయితే ఏది నిజం? రెండూ నిజమే. ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రడయోల్ రక్తనాళాలు సడలడానికి సాయపడుతుంది. మాత్రలోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ లివర్ మీద గట్టిగా పనిచేస్తుంది. చర్మానికి అంటించే ప్యాచ్ ద్వారా ఇచ్చినా లివర్ మీద దాని ప్రభావం పోదు. ‘ఈస్ట్రోజెన్ మంచిదా చెడ్డదా’ అని ఒక్క మాటలో తేల్చే హెడ్‌లైన్లు ఈ తేడా చెప్పవు.

ఎలుక చెప్పలేనివి

డోసు లెక్క చూడండి. మాలా-ఎన్ హార్మోన్ మాత్ర ఒక్కోదానిలో 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటుంది. 50 కిలోల మహిళకు ఇది కిలోకు 0.6 మైక్రోగ్రాములు. ఎలుక చిన్న ప్రాణి, దాని ఒంట్లో మందు చాలా తొందరగా ఖర్చయిపోతుంది. అందుకని శాస్త్రవేత్తలు మనిషి డోసును ఎలుకకు మార్చేటప్పుడు కిలో లెక్కను సుమారు 6 రెట్లు చేస్తారు. అంటే కిలోకు 3.7 మైక్రోగ్రాముల దగ్గర సమానం అన్నమాట. కొన్ని ప్రయోగాల్లో ఇచ్చే డోసు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. డోసు రాయని వార్త, రేటు రాయని బిల్లు లాంటిది.

ఇంకా తేడాలున్నాయి. ఎలుక నెలసరి మనలాంటిది కాదు, దాని చక్రం 4-5 రోజులే. ల్యాబ్ ఎలుక బిర్యానీ తినదు, రాత్రి మేలుకుని పిల్లలకు పాలివ్వాల్సిన పని మూడేళ్లు సాగదు, దాని అమ్మకు, నానికి బీపీ ఉందా అనేది వంశాన్ని బట్టి ముందే తెలుసు. మన ఇళ్లలో ఇవన్నీ కలిసి ఉంటాయి.

జంతువుల ఫలితం మనుషులకు అలాగే వర్తించదనడానికి పెద్ద ఉదాహరణ కుక్కలది. మూడు నెలలకు ఒకసారి ఇచ్చే డీఎంపీఏ ఇంజెక్షన్‌ను బీగిల్ జాతి కుక్కల మీద పరీక్షిస్తే రొమ్ములో గడ్డలు వచ్చాయి. ఈ భయం కూడా ఒక కారణంగా అమెరికాలో ఆ ఇంజెక్షన్‌కు గర్భనిరోధకంగా అనుమతి 1992 దాకా రాలేదు. ఈ హార్మోన్ల విషయంలో బీగిల్ రొమ్ము మనిషి రొమ్ములా స్పందించదని తర్వాత తేలింది. ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో ఇస్తున్నది అదే మందు.

బీపీ విషయంలో మాత్రం ఎలుక, మనిషి ఒకే వైపు చూపించాయి. ఎంత పెరుగుతుంది, ఎవరికి పెరుగుతుంది అన్నది మాత్రం మనుషుల లెక్కల్లోనే చూడాలి.

మనుషుల లెక్క

అమెరికాలో సుమారు 70 వేల మంది నర్సుల ఆరోగ్యాన్ని గమనించిన అధ్యయనం ఫలితాలు 1996లో వచ్చాయి. మాత్ర ఎప్పుడూ వాడనివాళ్లతో పోలిస్తే, అప్పటికి వాడుతున్నవాళ్లలో కొత్తగా బీపీ వచ్చే అవకాశం 1.8 రెట్లు ఉంది. వినడానికి భయంగా ఉంటుంది. కానీ అదే అధ్యయనం ప్రకారం, 10 వేల మంది ఏడాది పాటు మాత్ర వాడితే, మాత్ర వల్ల అదనంగా వచ్చిన బీపీ కేసులు సుమారు 41. రెండు అంకెలూ ఒకే అధ్యయనంలోవే, ఏది హెడ్‌లైన్‌లో పెడితే భయం ఎంత పెరుగుతుందో ఆలోచించండి. మానేశాక ఆ అదనపు ప్రమాదం త్వరగా తగ్గిందని కూడా అందులోనే ఉంది.

1960 నాటి ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. అది కాస్త వేరే రకం, ఒంట్లోకి వెళ్లాక ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. ఇప్పటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ సాధారణంగా 20 నుంచి 35 మైక్రోగ్రాములే. డోసు తగ్గింది, ప్రమాదం తగ్గింది, కానీ సున్నా కాలేదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం స్పష్టంగా ఉంది. పై అంకె 140 నుంచి 159 మధ్య గానీ, కింది అంకె 90 నుంచి 99 మధ్య గానీ ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మామూలుగా ఇవ్వకూడదు. 160/100 దాటితే అసలు ఇవ్వకూడదు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చి, ఇప్పుడు మామూలుగా ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు గానీ గమనిస్తూ ఉండాలి. 35 దాటి సిగరెట్ తాగే అలవాటు ఉంటే కూడా వద్దంటుంది.

ఇప్పుడు మన బస్తీల సంగతి. మాత్ర డాక్టర్ రాస్తేనే కొనేవాళ్లు ఎంతమంది? అన్న వెళ్లి మెడికల్ షాపులో పేరు చెబుతాడు, షాపతను స్ట్రిప్ కాగితంలో చుట్టి ఇస్తాడు. ఎవరికి, వయసెంత, బీపీ ఉందా అనే మాట అక్కడ రాదు. సిగ్గు ఒక కారణం, తొందర ఇంకో కారణం. పరీక్షలో ఎలుకకు మళ్లీ మళ్లీ బీపీ చూసి పుస్తకంలో రాస్తారు. అదే మందు ఏళ్ల తరబడి వేసుకునే మన బాజీకి ఒక్కసారి కూడా చూడరు. నాకైతే ఈ మొత్తం విషయంలో ఎలుకల ఫలితం కంటే ఇదే ఎక్కువ కలవరపెట్టింది.

పిల్లలు వద్దనుకుని వాడేవాళ్లకే ఇది పరిమితం కాదు. పీసీఓడీ ఉన్న పెళ్లికాని అమ్మాయిలకు ‘నెలసరి సరిచేసే మాత్ర’ అని రాసేవాటిలో చాలావరకు ఇవే హార్మోన్లు ఉంటాయి. ‘మా పాపకు గర్భనిరోధక మాత్ర ఎందుకు’ అని అమ్మీలు కంగారు పడతారు. పేరు ఏదైనా చేసే పని అదే, కాబట్టి బీపీ చూడాల్సిన అవసరం కూడా అంతే.

ఉమ్రాకో హజ్‌కో వెళ్లేముందు, రంజాన్‌లో, పెళ్లిళ్లకు నెలసరి వాయిదా వేసుకోవడానికి వాడే నోరెథిస్టిరాన్ మాత్ర సంగతి వేరు. అది ప్రొజెస్టిన్, 5 మిల్లీగ్రాములది రోజుకు మూడుసార్లు వేసుకోమంటారు. అందులో ఈస్ట్రోజెన్ లేదు కదా అనుకుంటాం. కానీ ఈ పెద్ద డోసులో కొంత భాగం ఒంట్లోనే ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. కొద్ది రోజులే కాబట్టి చాలామందికి ఇబ్బంది రాదు. అయినా బీపీ ఉన్నవాళ్లు, గతంలో కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లు పక్కింటి ఆపా ఇచ్చిన స్ట్రిప్ వాడకుండా డాక్టర్‌ను అడగాలి. ప్రయాణానికి ముందు ఎలాగూ మెడికల్ చెకప్ ఉంటుంది, అక్కడే అడిగేయొచ్చు.

బీపీ ఎక్కువ ఉంటే దారులు మూసుకుపోవు. కాపర్-టీలో, కండోమ్‌లో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ‘ఛాయ’ మాత్ర స్టెరాయిడ్ హార్మోన్ కాదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అంతర ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజెన్ లేదు గానీ, బీపీ 160/100 దాటినవాళ్లకు అది కూడా మామూలుగా ఇవ్వరు.

బీపీ చూపించుకోవడానికి బస్తీ దవాఖానా గానీ, ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం గానీ చాలు. ఐదు నిమిషాలు కూర్చుని, మాట్లాడకుండా, చేయి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు చూడమనండి. మాత్ర మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన కొన్ని నెలలకు మళ్లీ, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీలో నొప్పి, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం లాంటివి ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పటికే వాడుతూ బీపీ పెరిగిందని తెలిస్తే, వేరే పద్ధతి మొదలుపెట్టాకే మాత్ర ఆపేలా డాక్టర్‌తో మాట్లాడుకోండి. పెరిగిన బీపీతోనే గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ అది మాత్ర కంటే పెద్ద ప్రమాదం. మాత్ర వల్ల పెరిగిన బీపీ చాలామందిలో ఆపేసిన కొన్ని నెలల్లో మామూలు స్థాయికి వస్తుంది. అప్పటికీ దిగకపోతే ఆ బీపీకి కారణం మాత్ర ఒక్కటే కాదు, దానికి విడిగా వైద్యం చేయించుకోవాల్సి ఉంటుంది.